నిలబడ్డ నిమిషాలు

మా ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్లు ‘ఓహో, సైనిక్ స్కూలు!’ అంటారు. కాదండీ బాబూ, అది విజయనగరం పక్కన ఉన్న కోరుకొండ. సైనిక పాఠశాల పెట్టింది అక్కడ. మాది రాజమండ్రి గోకవరం బస్టాండులో బస్సెక్కితే వచ్చే కోరుకొండ, లక్ష్మీనరసింహస్వామి కొండెక్కి కూర్చున్న కోరుకొండ. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు నోరు అరిగింది. మనుషులకైతే ఎలాగో చెప్పుకుంటాం. ఫోనుకెవరు చెబుతారు?

ఒక ఆగస్టు శనివారం రాత్రి ఫోన్లో వాతావరణం చూస్తే, మర్నాడు తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా కోరుకొండలో భారీ వాన అని ఉంది. మబ్బు బొమ్మ, దాని కింద మూడు చుక్కలు. వెంటనే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ‘రేపు ప్రాక్టీసు లేదు, వర్ష సూచన’ అని పెట్టేసి, ఆధునిక యుగంలో బతుకుతున్నానన్న తృప్తితో పడుకున్నాను. తెల్లారి లేచి చూద్దునా, ఆకాశం చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందెలా మెరిసిపోతోంది. ఆ యాప్ చూపించిన వాన ఆ కోరుకొండది. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో కురిసే వానకు నేనిక్కడ ఆట ఆపేశాను.

సరే, పాల ప్యాకెట్ల కోసమని అటువైపు వెళితే మైదానంలో పిల్లల గోల. ఇరవై రెండు మందిలో పద్నాలుగు మంది వచ్చేశారు. సమాచారం అందలేదన్నమాట. గ్రూపులో ఉన్నది నాన్న ఫోను. ఆ ఫోను నాన్నతోపాటు తాపీ పనికో, నాట్లకో, రాజమండ్రి షాపుకో పోతుంది. ఖోఖో స్తంభాలున్న గది తాళం నా జేబులోనే ఉంది. అయినా వాళ్లేం ఆగలేదు. ఒక చివర ఇటుకలు పేర్చారు. రెండో చివర ఇటుకలు చాలక, ఆరో తరగతి బుడ్డోణ్ని ఒకణ్ని స్తంభంగా నిలబెట్టారు. వాడు ఊరికే నిలబడ్డాడా అంటే అదీ లేదు. స్తంభం ఉద్యోగంతోపాటు అంపైరు ఉద్యోగం కూడా వెలగబెడుతూ ‘ఫౌల్, ఫౌల్’ అని అరుస్తున్నాడు.

నేను రావిచెట్టు చాటున నిలబడి చూశాను. అరగంటో, నలభై నిమిషాలో. ఒక్కరంటే ఒక్కరు ఖాళీగా లేరు. కొట్లాడుకున్నారు, నియమాలు రెండు మార్చుకున్నారు, జట్లు సమంగా లేవని ఒక పిల్లను అటు నుంచి ఇటు లాక్కొచ్చారు. అందరి ఒంటి మీదా చెమటే. చేతిలో పాలు వెచ్చబడుతుంటే నాకు ఒక చిన్న సిగ్గు పట్టుకుంది. నేను విజిలేసుకుని నడిపే ప్రాక్టీసులో వీళ్లకి ఇంత చెమట పడుతుందా?

నేను కోచ్‌ను కాను. పాటియాలా వెళ్లి కోచింగ్ డిప్లొమా తెచ్చుకున్నవాణ్ని అసలే కాను. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడాను. తర్వాత ముప్పైమూడేళ్లు బ్యాంకులో లెక్కలు రాశాను. రిటైరై ఊరికి వచ్చాక పొద్దున్నే ఏం చెయ్యాలో తోచక, పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ పోగేసి వారానికి నాలుగు రోజులు ఆడిస్తున్నాను. పిల్లలు ‘మేస్టారండీ’ అంటారు, ఆ పిలుపు కోసమే అనుకోండి. అయితే లెక్కల బుద్ధి మాత్రం పోలేదు. అందుకే మరుసటి ఆదివారం ఫోనును ఇటుకకు ఆనించి, గంట ప్రాక్టీసూ మొత్తం వీడియో తీశాను.

ఇంటికొచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, రూళ్ల కాగితం ముందేసుకున్నాను. ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న ఏడో తరగతి పిల్లనొకదాన్ని ఎంచుకుని, ఆ గంటలో ఆమె ఏ నిమిషం ఏం చేసిందో గీతలు పెట్టుకుంటూ పోయాను. పరిగెత్తిందీ, తిరిగిందీ, కూర్చుని లేచిందీ కలిపి పదమూడు నిమిషాలు. నా ఉపన్యాసం విన్నది పదిహేడు. వరుసలో తన వంతు కోసం నిలబడ్డది ఇరవై రెండు. తక్కిన ఎనిమిది నిమిషాలూ నీళ్లు, రిబ్బను ముడి, కాలి ముల్లు. బ్యాంకు భాషలో చెప్పాలంటే నా మైదానంలో ముప్పాతిక వంతు నిరర్థక ఆస్తి.

అప్పటిదాకా నేను ఫోను కొన్నది పిల్లల తప్పులు తీసి చూపించడానికే అనుకున్నాను. చూపించింది నా తప్పును.

మా చిన్నప్పటి డ్రిల్లు మేస్టారికి ప్లాను అంటే విజిలూ, గొంతూ. కోపం వస్తే కొండ మెట్లెక్కి దిగి రమ్మనేవారు. స్వామి దర్శనమూ, శిక్షా ఒకేసారి అయిపోయేవి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లమే కాబట్టి మాకూ వరుసంటే ప్రాణం. పిల్లలు వరుసగా నిలబడితే పెద్దల కళ్లు చల్లబడతాయి. అసెంబ్లీ వరుస, మధ్యాహ్న భోజనం వరుస, రేషన్ షాపు వరుస. క్రమశిక్షణ అంటే నిలబడటమేనని మన ఒంట్లో ఇంకిపోయింది. మైదానం గట్టున నిలబడ్డ తండ్రి కూడా ఇరవై మంది బారుగా నిలబడి ఒక్కొక్కరే వెళ్లి స్తంభం తాకి వస్తుంటే ‘అబ్బ, ఎంత పద్ధతిగా చెబుతున్నారండీ’ అంటాడు. ఆ పద్ధతిలో ఆయన కూతురు గంటకు పదమూడు నిమిషాలే కదిలిందన్నది ఆయనకు కనపడదు. నాకూ కనపడలేదు కదా.

చిత్రమేమిటంటే ఖోఖో ఆటలో కూర్చోవడమే సగం ఆట. తరిమే జట్టులో ఎనిమిది మంది నడిమి గీత మీద, ఒకరు అటూ ఒకరు ఇటూ తిరిగి కూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. కానీ ఆ కూర్చోవడాన్ని తేలిగ్గా చూడకండి. మునివేళ్ల మీద బరువు, చేతివేళ్లు నేల మీద, చెవులు వీపు వెనక. ‘ఖో’ అన్న క్షణంలో, ఏ దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నాడో ఆ దిక్కుకే లేచి దూకాలి. నడిమి గీత దాటి వెనక్కి పోకూడదు, మొదలుపెట్టిన దిక్కు మార్చకూడదు. కూర్చున్నవాడు నిద్రపోతే జట్టు మునిగింది. కాబట్టి అతను ఖాళీగా లేడు. వరుసలో నిలబడ్డవాడి సంగతి వేరు. వాడి వంతు ఎప్పుడొస్తుందో వాడికి ముందే తెలుసు. ఆ మధ్యలో బుర్ర పనిచెయ్యాల్సిన అవసరమేమీ లేదు, అందుకే ముందువాడి జడ లాగుతాడు. మనం దాన్ని అల్లరి అని విజిలేస్తాం.

అమెరికాలో జాన్ వుడెన్ అని బాస్కెట్‌బాల్ కోచ్ ఒకాయన ఉండేవాడు. యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం జట్టును 1964 నుంచి 1975 దాకా పన్నెండేళ్లలో పదిసార్లు జాతీయ విజేతను చేశాడు. ఆయన దగ్గర కంప్యూటరు లేదు. మూడంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవున్న అట్టముక్క మీద ఆ రోజు ప్రాక్టీసును నిమిషాల వారీగా రాసుకుని జేబులో పెట్టుకునేవాడు. ఆయన చివరి సీజన్‌లో రోలండ్ థార్ప్, రోనాల్డ్ గల్లిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పదిహేను ప్రాక్టీసులకు వెళ్లి కూర్చుని, ఆయన అన్నవీ చేసినవీ 2,326 లెక్కపెట్టారు. పొగడ్తలు నూటికి ఏడు, చీవాట్లు దాదాపు అన్నే. ముప్పాతిక వంతు మాత్రం ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో చెప్పే పొట్టి పొట్టి మాటలు. ఉపన్యాసాలు లేవు. నేనో? కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగును నిలుపుకున్న కథతో మొదలుపెట్టి, సిడ్నీలో కరణం మల్లీశ్వరి పతకం మీదుగా వచ్చి, 2025 జనవరిలో ఢిల్లీలో మన ఖోఖో జట్లు రెండూ ప్రపంచ కప్పు గెలిచిన దగ్గర ముగించేవాణ్ని. పదిహేడు నిమిషాలు ఎలా పోయాయంటే ఇలా పోయాయి. అవన్నీ చెప్పాల్సిన కథలే. కానీ చెప్పాల్సింది ఆట అయ్యాక, పిల్లలు అలిసి మట్టిలో కూలబడ్డప్పుడు. అప్పుడే బాగా వింటారు కూడా.

ఇక ప్లాను వెయ్యాలని కూర్చున్నాను. ఫోన్లో ఉన్న కృత్రిమ మేధను తెలుగులోనే అడిగాను: ‘ఖోఖో పిల్లలకు గంట ప్రాక్టీసు ప్లాను ఇవ్వు.’ చిటికెలో ఇచ్చింది. ఇరవై కోన్లు, రెండు రంగుల జాకెట్లు, మెత్తటి మ్యాట్లు, ఇండోర్ హాల్లో వార్మప్. మా హాలు పైకప్పు ఆకాశమే. తప్పు దానిది కాదని తర్వాత తెలిసింది. నేనడిగిందే అలాంటి ప్రశ్న. రెండోసారి బ్యాంకులో అప్పు దరఖాస్తు నింపినట్టు నింపాను: పిల్లలు ఇరవై రెండు, స్తంభాలు రెండు, మట్టి నేల, సమయం యాభై నిమిషాలు, ఏ పిల్లా ఇరవై సెకన్లకు మించి ఎదురుచూడకూడదు. ఈసారి పనికొచ్చే ముక్క వచ్చింది. నాలుగు గుంపులు, నాలుగు మూలలు, నాలుగేసి నిమిషాలకు చోటు మార్పు. కోన్ల బదులు కొబ్బరి డొక్కలు పెట్టాను. గీతలకు సున్నం. దాని ప్లానులో ఒకే గుంపులో పడ్డ అన్నాచెల్లెళ్లను నేను విడదీశాను. ఇంట్లో వాళ్ల మధ్య నడుస్తున్న యుద్ధం సంగతి దానికి తెలియదు కదా.

నా కాగితంలో ఇప్పుడు నాలుగు గడులున్నాయి. ఎన్ని నిమిషాలు, ఏం ఆడతారు, నేనేం చూడాలి. నాలుగోది అన్నిటికంటే వెడల్పు: ఊరికే ఉన్నది ఎవరు? ప్రాక్టీసయ్యాక ఆ గడి నింపందే ఇంటికి కదలను. గూగుల్ షీట్ చెయ్యమని మనవడు నేర్పాడు, చేశాను కూడా. కానీ మైదానంలో తడి చేతులతో ఫోను తెరవడం కంటే కాగితం మడత విప్పడం తేలిక. షీటు ఇంట్లో, కాగితం జేబులో. ఇందులో ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకునే అవసరం నాకు కనపడలేదు.

అన్ని యాప్‌లలోకీ నాకు అసలైన మేలు చేసింది అతి చవకది: నాలుగు నిమిషాలకోసారి గంట కొట్టే టైమరు. దాన్ని స్పీకరుకు కలిపాను. స్పీకరు వినాయక చవితి కమిటీ కుర్రాళ్లది, పండగ పదిరోజులూ తప్ప ఏడాదంతా ఖాళీయే. గంట మోగితే గుంపులు వాటంతట అవే మారతాయి. నా గొంతు మిగిలింది. గొంతు మిగిలితే కళ్లు పనిచేస్తాయని అరవయ్యేళ్లు దాటాక తెలిసింది. ఒక్క ప్రమాదం మాత్రం జరిగింది. ఒకరోజు సరిగ్గా స్తంభం మలుపు నేర్పుతుండగా మా ఆవిడ ఫోను చేసింది. అది కాస్తా స్పీకరులో మోగి, ‘ఏవండీ, వచ్చేటప్పుడు కరివేపాకు మర్చిపోకండి’ అని కొండ కింద వీధులన్నిటికీ వినబడింది. ఇప్పటికీ ప్రాక్టీసు అయిపోగానే పిల్లలంతా ముక్తకంఠంతో ‘మేస్టారండీ, కరివేపాకు!’ అంటారు.

నీళ్లకు విడిగా గంట పెట్టలేదు. మధురపూడి విమానాశ్రయం మా మండలంలోనే ఉంది. పొద్దున విమానం వచ్చే వేళకు ఇరవై రెండు తలలూ పైకి లేస్తాయి, ఏ విజిలుకూ దించుకోవు. మొదట్లో కోప్పడేవాణ్ని. ఇప్పుడు ప్లానులో నీళ్ల విరామం విమానం కిందే పెట్టాను. విమానం ఆలస్యమైతే మాత్రం దాహంతో గొణుగుతారు.

ఒక సంగతి నాకు కాస్త ఆలస్యంగా బోధపడింది. మా పిల్లలు స్తంభం దగ్గర తిరగడం ప్రాక్టీసులో అద్భుతంగా చేసేవారు, పోటీలో తడబడేవారు. ఎందుకంటే నేను ప్రతిసారీ అదే చోటు నుంచి, అదే స్తంభానికి, అదే విజిలుకు చేయించేవాణ్ని. 1978లో రాబర్ట్ కెర్, బెర్నార్డ్ బూత్ అని ఇద్దరు పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లల చేత గింజలు నింపిన చిన్న సంచుల్ని గురి పెట్టి వేయించారు. కొందరికి ఎప్పుడూ మూడడుగుల దూరమే. కొందరికి ఒకసారి రెండడుగులు, ఒకసారి నాలుగు. మూడడుగుల దూరం వాళ్లకు అసలివ్వలేదు. చివర్లో పరీక్ష మాత్రం మూడడుగుల దూరానికే పెట్టారు. నెగ్గింది రెండో గుంపు. ఇది చదివి నేను ఆశ్చర్యపోలేదు, నవ్వుకున్నాను. గోళీలాడినవాడికి ఎవరు చెప్పాలి ఈ మాట? గోళీ ఎప్పుడైనా రెండుసార్లు ఒకేచోట ఆగిందా? ప్రతి దెబ్బకూ కొత్త దూరం, కొత్త గుంట, కొత్త రాయి. అందుకే గోళీల్లో ఆరితేరినవాడు ఏ వీధిలోకి వెళ్లినా గెలిచేవాడు.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం ఏనాడో ఈ దారి పట్టారు. ఆయన వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన వాటం కాని కాలితో మాత్రమే బంతి తన్నే పోటీలు పెట్టేవారట. అలవాటైన కాలితో తన్నితే ఫౌలు. ఎంత ఖర్చవుతుంది అలాంటి ప్లానుకు? ఆలోచన ఖర్చు తప్ప ఏమీ లేదు.

అలా చోట్లు మార్చి, స్తంభాలు మార్చి, విజిలు వేళ మార్చి చేయించడం మొదలుపెట్టాక ప్రాక్టీసు చూడ్డానికి అసహ్యంగా తయారైంది. పిల్లలు పడుతున్నారు, ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. గట్టు మీద తండ్రి ఒకాయన నాకు వినపడేలానే అన్నాడు, ‘ఈ మధ్య మేస్టారు కొత్తగా ఏదో మొదలెట్టారండీ, పిల్లలు ఉన్న ఆట కూడా మర్చిపోతున్నారు’ అని. ఆయన తప్పేమీ లేదు. నేర్చుకుంటున్నవాళ్లు చూసేవాళ్లకు మర్చిపోతున్నట్టే కనపడతారు.

తప్పు చేసింది నేను, ఇంకోచోట. కేంద్ర ప్రభుత్వం 2019లో ఖేలో ఇండియా యాప్ తెచ్చింది. అందులో బడిపిల్లల దేహదారుఢ్య పరీక్షలున్నాయి: యాభై మీటర్ల పరుగు, ఆరువందల మీటర్ల పరుగు, ముందుకు వంగి చేతులు చాచడం, పుష్ అప్‌లు, పొట్ట కండరాల పరీక్ష, ఎత్తు బరువుల లెక్క. బాగా ఆలోచించి కూర్చిన పరీక్షలవి, టేపూ గడియారమూ ఉంటే చాలు. నేను అన్నీ చేయించి, అంకెలన్నీ అందంగా పట్టిక వేసి, మొదటి స్థానం నుంచి ఇరవై రెండో స్థానం దాకా గ్రూపులో పెట్టేశాను. ఇరవై రెండోవాడు కాస్త లావుపాటి కుర్రాడు, మా అందరిలోకీ ‘ఖో’ ఇవ్వడంలో చురుకైనవాడు. మర్నాటి నుంచి రాలేదు. రెండు వారాలు. వాళ్లింటికి వెళ్లి అడిగితే తల్లి చెప్పింది, ‘అది చూసి పిన్నిగారి పిల్లలు నవ్వారండీ.’ ఆ పట్టిక తీసేశాను గానీ, చూసినవాళ్ల కళ్లలోంచి తియ్యలేను కదా. ఇప్పుడు ఎవరి అంకె వాళ్ల చెవిలోనే. పోయిన నెల నీదెంత, ఈ నెల నీదెంత, అంతే. ఆ కుర్రాడు మూడో వారం తిరిగొచ్చాడు. పట్టిక గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

వీడియోల విషయంలో కూడా ఒకమ్మ నన్ను ఆపింది. డైవ్ చేసేటప్పుడు ఒక పిల్ల మోచెయ్యి ఎలా పెడుతోందో నెమ్మదిగా తిప్పి చూపిద్దామని తీసిన ముక్కను, అందరికీ ఉపయోగమని గ్రూపులో పెట్టాను. సాయంత్రం ఆ తల్లి ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, ‘మేస్టారండీ, ఏమీ అనుకోకండి, మా అమ్మాయి వీడియో తీసెయ్యండి. అందులో అంతమంది మగాళ్లున్నారు’ అంది. నాకు చెళ్లుమంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఆ చట్టం సంగతి ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు. చట్టం చెప్పకముందే తెలియాల్సింది నాకు. ఇప్పుడు వీడియో తీస్తే ఆ పిల్లకే చూపిస్తాను, ఆమె ఎదురుగానే చెరిపేస్తాను. ఎనిమిది సెకన్ల ముక్క చాలు. తన మోచెయ్యి తను చూసుకున్న పిల్లకు నేను చెప్పాల్సింది దాదాపు ఏమీ మిగలదు.

వాతావరణం యాప్‌తో గొడవపడ్డాను గానీ ‘దామిని’కి మాత్రం దణ్ణం పెడతాను. పుణేలోని ఉష్ణదేశ వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆ యాప్ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. మనమున్న చోటు నుంచే లెక్క కడుతుంది కాబట్టి ఈ కోరుకొండా ఆ కోరుకొండా అన్న పేచీ లేదు. ఖాళీ మైదానంలో ఇనుప స్తంభాల పక్కన ఇరవై రెండు మంది పిల్లలు. వేసవిలో ఈదురుగాలి లేచిందంటే ప్లానూ గీనూ లేదు, అందరూ లోపలికే. ఉరుము ఆగాక కూడా అరగంట బయటికి రానివ్వను. రోహిణి కార్తెలో అసలు ప్రాక్టీసే పెట్టను. ఎండలో పిల్లల్ని పరిగెత్తించి రాటుదేలుస్తామనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ముందు వాళ్లొక గంట పరిగెత్తి చూపించాలి.

మన గోదావరి పిల్లలకు ఆదర్శం ఎవరంటే అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పేరే చెబుతారు. 2023లో అతని స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లని కొలిచి గిన్నిస్ పుస్తకంలో రాశారు. ఆ అంకెకు మా పిల్లలు నోరు తెరుస్తారు. నేను మాత్రం వాళ్ల నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడన్న సంగతి రెండుసార్లు చెబుతాను. ఆ వేగం కొలవడానికి యంత్రం కావాలి, నిజమే. కానీ కొలవదగ్గ వేగం వచ్చేదాకా చేయించడానికి యంత్రం చాలదు, మనుషులు కావాలి. ఇంకో కథ అందరికీ తెలిసిందే: రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు సింధు ఫోను తన దగ్గరే పెట్టుకున్నానని, వెండి పతకం వచ్చాక ఆమె కోచ్ గోపీచంద్ గారే చెప్పారు. ఆ మాట పట్టుకుని మా ఊళ్లో ఒకాయన, ‘అంత పెద్ద కోచ్ ఫోను లాక్కుంటే మీరేంటండీ ఫోను పట్టుకుని తిరుగుతారు’ అని నిలదీశాడు. ఆలోచిస్తే ఇందులో పేచీ ఏమీ లేదు. ఆయన తీసేసుకున్నది ఆటగత్తె చేతిలోని ఫోను. నాది ఆడించేవాడి ఫోను. అదీ ఇటుకకు ఆనించి, నా వైపు తిప్పి పెట్టింది.

ఎర్ర రిబ్బన్ల పిల్ల లెక్క మళ్లీ తీశాను, నాలుగు నెలల తర్వాత. యాభై నిమిషాల్లో ముప్పై ఒకటి కదిలింది. నా మాటలు అయిదు నిమిషాలు. వరుస అనేదే లేదు. మిగతా పద్నాలుగూ నీళ్లూ, విమానం, ఎప్పటిలాగే రిబ్బను ముడి. ఇంత చేసి మండల పోటీల్లో ఏం సాధించారంటే, సెమీస్‌లో ఓడిపోయాం. అవతలి జట్టు మాకంటే బాగా ఆడింది. 2022లో అల్టిమేట్ ఖోఖో మొదటి లీగ్ ఫైనల్లో మన తెలుగు యోధాస్ జట్టు ఒక్క పాయింటు తేడాతో, 46-45తో ఓడిందని చెప్పి ఓదార్చబోయాను. ‘మేస్టారండీ, కథలు తర్వాత’ అన్నారు. ఇంటికి తిరిగొచ్చే ఆటోలోనే మర్నాటి జట్లు వేసుకున్నారు. ఇరవై రెండు మందితో మొదలైన ప్రాక్టీసుకు ఇప్పుడు ఇరవై తొమ్మిది మంది వస్తున్నారు. మూడో స్తంభం కోసం వెతుకుతున్నాను.

మైదానం గట్టున నిలబడే అమ్మానాన్నలకు ఒక మనవి. ఈ ఆదివారం మీ పిల్లవాడు గెలిచిన క్షణం కోసం కాచుక్కూర్చోకుండా, మీ ఫోనును ఒక పది నిమిషాలు అక్కడి వరుస వైపు తిప్పండి. ఎవరెంతసేపు నిలబడ్డారో లెక్కపెట్టండి. ఆ లెక్క మేస్టారికి పక్కకు పిలిచి చూపించండి. గ్రూపులో మాత్రం పెట్టకండి.